బ్యారన్ పొయ్యిలో పక్కటెముకలు

మా చెల్లెలు సువార్త తాడేపల్లి నుంచి గుంటూరు వచ్చినప్పుడల్లా చేతిసంచీతో పాటు ఏదో ఒక కొత్త ముచ్చట కూడా మోసుకొస్తుంది. ఒకసారి మేడ మీద పుట్టగొడుగులు పెంచుదామంది. ఇంకోసారి ఇద్దరం ఈత నేర్చుకుందామంది, అప్పటికే నాకు అరవై నిండాయి. మొన్న శనివారం వచ్చినప్పుడైతే చెప్పులైనా విడవకుండా ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "అక్కా, మాట్లాడకుండా ఇది చూడు" అంది. ఎవరో పరదేశీ ఆయన తన ఇంటి ఓవెన్‌లోంచి ఒక పళ్ళెం బయటికి తీశాడు. అందులో పక్కటెముకలు, ఒక వైపువి మొత్తం, విడగొట్టకుండా, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆయన ఒక ఎముకను రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే ఎముక ఒక్కటే చేతిలోకి వచ్చింది. మాంసం ఉన్నచోటే ఉండిపోయింది. సువార్త వీడియోను వెనక్కి జరిపి అదే మూడుసార్లు చూపించింది.

"నీ ఓవెన్‌కి క్రిస్మస్ కేకు తప్ప వేరే పని చెప్పావా ఎప్పుడన్నా? రేపు మనం ఇది చెయ్యాలి" అంది.

"ఇది నేను తిన్నాను" అన్నాను.

"ఎక్కడ? హోటల్లోనా?"

"బ్యారన్లో."

వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వేసింది. నేనూ అప్పటికి ఊరుకున్నాను. కానీ ఆ రాత్రి నాకు పండగ ముందు పిల్లలకి పట్టే నిద్ర పట్టింది, ఎప్పుడు తెల్లవారుతుందా అని. ఈ వయసులో మాంసం ముక్క కోసం ఇంత ఆత్రం ఏమిటని నన్ను నేనే కోప్పడ్డాను గానీ, ఆత్రం తగ్గలేదు.

పొద్దున మొదటి ఆరాధన కాగానే ఇద్దరం మాంసం కొట్టుకి వెళ్ళాం. పొట్టేలు పక్క మొత్తం కావాలి, ముక్కలు కొట్టొద్దు అని సువార్త చెప్పింది. కత్తి ఎత్తిన కొట్టాయన ఎత్తినట్టే ఆగిపోయాడు. "కొట్టకుండా ఎట్టా తింటారమ్మా? వీణలాగా వాయిస్తారా?" అన్నాడు. సువార్త అక్కడే ఫోను తీసి ఆయనకీ చూపించింది. వెనక నిలబడ్డ వాళ్ళు కూడా తొంగిచూశారు. ఆయన చివరిదాకా చూసి, లోపలికి వెళ్ళి అప్పుడే వేలాడదీసిన దాంట్లోంచి మంచి పక్క కోసి తెచ్చాడు. "ఎట్టా వచ్చిందో వచ్చే వారం చెప్పండి" అన్నాడు.

ఇంటికొచ్చి పళ్ళెంలో పెట్టగానే నా చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. ఎముకల వెనక వైపు పలచటి పొర ఒకటి ఉంటుంది. దాని అంచు కింద చెంచా కాడ దూర్చి, పొడిగుడ్డతో గట్టిగా పట్టుకుని లాగితే కాగితంలా మొత్తం ఊడివస్తుంది. అది ఉంటే ఎంత వండినా మాంసం మెత్తబడదు, ఉప్పూ కారం లోపలికి దిగవు. "నీకిది ఎవరు చెప్పారు? వీడియోలో కూడా ఈ సంగతి చెప్పలేదే" అంది సువార్త. అమ్మ చేస్తుండగా చూశానన్నాను. ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, తురిమిన బెల్లం పట్టించి, గాలి దూరకుండా రేకు కాగితంలో రెండు చుట్లు చుట్టాం. నూటముప్ఫై డిగ్రీల దగ్గర మీట పెట్టి, మూడు గంటల తరువాత గంట మోగేలా తిప్పాం. ఆ తరువాత చెయ్యడానికి పనేమీ లేక, రెండు కుర్చీలు తెచ్చుకుని ఓవెన్ అద్దం తలుపు ముందు కూర్చున్నాం. లోపల పసుపు దీపం కింద ఆ వెండి పొట్లం తప్ప ఇంకేమీ కనిపించదు. అయినా ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఇప్పుడు చెప్పు, బ్యారన్ సంగతేంటి?" అంది సువార్త.

ఇన్నేళ్ళూ ఆ సంగతి దానికెందుకు చెప్పలేదంటే, నాన్నకి మాటిచ్చాను. ఆ మాట ఎవరి మర్యాద కోసమో ఆ మనిషి పోయి నలభై ఏళ్ళు దాటింది. నాన్న పోయి కూడా చాలాకాలమైంది. ఇంక చెప్పొచ్చుననిపించింది.

ఒంగోలుకి దక్షిణాన నల్లరేగడి చేలల్లో మా ఊరు. పొగాకు ఆకుని రైతులు పచ్చగా కోసుకొచ్చి, కర్రలకి కట్టి, తాటిచెట్టంత ఎత్తున్న ఇటుక గదిలో అంచెలంచెలుగా వేలాడదీస్తారు. ఆ గదినే బ్యారన్ అంటాం. గోడ బయట పొయ్యి ఉంటుంది. పొయ్యి నుంచి లావుపాటి ఇనప గొట్టాలు బ్యారన్ లోపల నేల పొడుగునా సాగుతాయి. మంట వేస్తే వేడి గొట్టాల మీదుగా గదినంతా పట్టుకుంటుంది, పొగ మాత్రం పై గొట్టంలోంచి బయటికే పోతుంది. అయిదారు రోజుల్లో పచ్చటి ఆకు బంగారు రంగుకి తిరగాలి. ఆ అయిదారు రోజులూ మంట దగ్గర కూర్చుని వేడిని ఎక్కించే, దించే మనిషి మా నాన్న. పేరు దావీదు. సుబ్బారావు గారనే రైతు దగ్గర ఆయన పని. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా నాన్న ఇల్లు అదే. అన్నం క్యారేజీ నేనే తీసుకెళ్ళేదాన్ని. దూరం నుంచే ఆ వాసన ఎదురొచ్చేది, ఉడికిన వేరుశనక్కాయలూ తడిగడ్డీ తేనే కలిపినట్టుండే వాసన. లోపల థర్మామీటరు వేలాడుతుండేది గానీ నాన్న దాన్ని చివర్లో చూసేవాడు, తను అనుకున్నది నిజమో కాదో సరిచూసుకోవడానికి. ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఆకు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు తొందరపడి వేడి పెంచావనుకో, పచ్చగానే ఎండిపోద్ది. ఇంక దేవుడు దిగొచ్చినా దానికి రంగు రాదు" అనేవాడు.

మా అమ్మ నాన్న, అంటే మా తాత ఆశీర్వాదం, ఈ పనిని పనిగా లెక్కపెట్టలేదు. తాతది చిలకలూరిపేట వైపు. కౌలుకి తీసుకున్న భూమిలో మిరప వేసేవాడు. సొంత ఎడ్లు, సొంత నాగలి. తాత ఇంట్లో అడుగుపెడితే ముందు మాకు తుమ్ములొచ్చేవి. ఆయన పంచెలో, తలగుడ్డలో, చేతిసంచీలో అంతటా మిరపకాయల ఘాటు. పెళ్ళిచూపులప్పుడు పిల్లాడు వ్యవసాయం చేస్తాడని చెప్పారట. పెళ్ళయ్యాక వచ్చి చూస్తే అల్లుడు పొయ్యి ముందు గోనెపట్టా వేసుకుని కూర్చుని ఉన్నాడు. "మంట ముందు కూచోటం కూడా ఒక పనేనా? మా ఊళ్ళో ముసలాళ్ళు చలికాలం ఊరికే చేస్తారు ఆ పని" అన్నాడట. ఆ రోజు నుంచి అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేశాడు. రావడం మాత్రం మానలేదు. కూతురంటే ప్రాణం, నేనన్నా ప్రాణమే. అందుకని మాటలన్నీ నా మీదుగా నడిచేవి. ఒకే అరుగు మీద ఇద్దరూ కూర్చునేవాళ్ళు, మధ్యలో నేను.

"కరుణా, మీ నాన్నకి చెప్పు, వాన పడేట్టుంది, పుల్లలు లోపల పెట్టుకోమని."

"నాన్నా, పుల్లలు లోపల పెట్టుకోవాలంట."

"తాతకి చెప్పు, పొద్దున్నే పెట్టేశానని."

నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచి చేసిన ఉద్యోగం ఇదే. అందరిళ్ళలోనూ ఇంతేననుకునేదాన్ని.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు క్రిస్మస్‌కి తాత మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ మాంసం కూర వడ్డించింది. తాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, లేచి చేతులు కడుక్కునే వంకతో గోడ వెనక్కి వెళ్ళాడు. నేను వెంటే వెళ్ళాను. ముక్క కుక్కకి వేస్తున్నాడు. నన్ను చూసి ముందు కోప్పడి, తరువాత వంగి నోరు తెరిచి చూపించాడు. కిందా పైనా కలిపి మూడు పళ్ళు మిగిలున్నాయి. "రెండేళ్ళయిందే ముక్క నమిలి. ఒకచోట పెళ్ళిలో చప్పరిస్తంటే నవ్వారు. అప్పటి నుంచి వేడి చేస్తందని చెప్తన్నా. ఎవరికీ చెప్పబాక, మీ అమ్మకి కూడా" అన్నాడు. అప్పటికి నేను పెద్ద పెద్ద వార్తలు మోసే మనిషిని. సాయంత్రానికల్లా నాన్నకి చెప్పేశాను.

సంక్రాంతి దాటి బ్యారన్లో మంటలు మొదలయ్యాక ఒకరోజు నాన్న గోడ మీద చెయ్యి ఆనించి నిలబడే అడిగాడు. "తాతకి ఏ ముక్కంటే ఇష్టం?"

"పక్కటెముకలు. ఎముక చేత్తో పట్టుకుని లాక్కుంటా తినేవాడంట."

"అట్టాగా" అన్నాడు. అంతే.

ఆ ఏడు ఈస్టరు ముందుగా వచ్చింది, బ్యారన్లలో ఇంకా మంటలు ఆరకముందే. ఈస్టరుకి తాత వస్తాడని తెలుసు. ఒక కాపు ఆకు దించాక మళ్ళీ కొత్త ఆకు ఎక్కించేదాకా పొయ్యిలో తుమ్మ మొద్దుల నిప్పు ఒకటి రెండు రోజులు వేడిగా ఉంటుంది. ఆ ఖాళీ పొయ్యిని వాడుకోనివ్వమని నాన్న సుబ్బారావు గారిని అడిగాడు. "వాడుకో, నాకేం పోయింది. ఆకుకి వాసన అంటితే మాత్రం ఊరుకోను" అన్నాడాయన. కానీ అవి ఈస్టరుకి ముందొచ్చే ఉపవాసాల శ్రమల దినాలు, ఇంట్లో నీచు లేదు. మాంసంతో పరీక్ష చేసి చూడటానికి అమ్మ ఒప్పుకోదు. అందుకని నాన్న చిలగడదుంపలతో మొదలుపెట్టాడు. మట్టి చట్టిలో దుంపలు పెట్టి, పైన మూకుడు బోర్లించి, సందులు బంకమన్నుతో మూసి, పొయ్యిలో ఒక్కోసారి ఒక్కోచోట పెట్టేవాడు. మొదటిసారి బొగ్గులయ్యాయి. రెండోసారి పైన మాడి లోపల పచ్చిగా ఉన్నాయి. "పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి ఎంతదాకా లెక్కపెట్టగలవో చూడు" అనేవాడు నాతో. మూడు లోపే చెయ్యి తీసేస్తే అది మాడ్చే వేడి. పది దాకా ఉంచగలిగితే అది ఉడికించే వేడి. నేను పెద్దయ్యాక లెక్కల టీచరునయ్యాను గానీ, నేను మనసుపెట్టి నేర్చుకున్న మొదటి లెక్క అదే. మూడో వారానికి దుంపలు తొక్క తీయకుండానే వేలితో నొక్కితే పాయసంలా వచ్చేశాయి. వాటిలో సగానికి పైగా అమ్మే తినేది.

"అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు. ఆ పరీక్షలన్నీ తిన్నది నువ్వే" అన్నాను సువార్తతో. అది కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తాత శనివారం బస్సు దిగాడు, తుమ్ములూ దిగాయి. ఆదివారం తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన. అందరం తెల్లబట్టలు కట్టుకుని కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతుంటే పొద్దు పొడిచింది. నాకు ధ్యాసంతా పొయ్యి మీదే. ఇంటికి రాగానే నాన్న తెచ్చిన రెండు పొట్టేలు పక్కలకి అమ్మ పొర ఊడదీయడం, నేను వెల్లుల్లి వలవడం. అమ్మ రోట్లో పండుమిరపకాయలు, కొత్త చింతపండు, ఉప్పు వేసి నూరింది. నాన్న పక్కన కూర్చుని బెల్లం ముక్క ఒకటి రోట్లో వేశాడు.

"మాంసంలో బెల్లమేందయ్యా? పరమాన్నం వండుతన్నావా?" అంది అమ్మ.

"మీ నాన్న నోటికి వట్టి కారం కష్టంలే" అన్నాడు.

అమ్మ రోలు తిప్పడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. ఇంకో బెల్లం ముక్క తనే వేసింది. రెండు పక్కలకీ ఆ ముద్ద సగం పట్టించి, అరిటాకులో చుట్టి, చట్టిలో పెట్టి, మన్నుతో మూశారు. తొమ్మిదింటికి చట్టి పొయ్యిలో ఉంది. సాయంత్రం అయిదింటి దాకా ఉంచాలని నాన్న లెక్క.

పది గంటల ఆరాధన అయి గుడి బయటికి వచ్చేసరికి తూర్పున మబ్బు నల్లగా లేచి ఉంది. సుబ్బారావు గారు సైకిలు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. రేపు ఎక్కించాల్సిన ఆకు కోసి పందిరి కింద పెట్టి ఉంది. ఆ పందిరి వానకి ఆగేది కాదు.

"ఒరేయ్ దావీదూ, పండగని తెలుసు. ఆకు తడిస్తే ఈ కాపంతా పోద్ది. ఇప్పుడే ఎక్కించి మంట వెయ్యాలిరా" అన్నాడు.

"ఎక్కించేదానికి మూడవుద్దండి. మనుషులు లోపలుండగా మంట వెయ్యలేను. మూడింటికి వేస్తా."

"మరి నీ చట్టి?"

"మూడింటికి బయటుంటది."

అయిదుకి కావాల్సింది మూడుకే తీసెయ్యాలి. నాన్న పండగ చొక్కా విప్పి నా చేతికిచ్చి పరిగెత్తాడు. మా పాలెం జనమంతా బట్టలు మార్చుకుని వెనకే వెళ్ళారు. ఆ కాపు పోతే అందరి కూలీ పోతుంది మరి. నేను ఇంటికెళ్ళి చెబితే తాత అరుగు మీద నుంచి లేవలేదు. "పండగ పూట కూడా మంట దగ్గరికేనా? మీ నాన్నకి చెప్పు, మామ వచ్చి ఇంట్లో కూచున్నాడని." నేను ఆ మాట చేరవెయ్యడానికి బయల్దేరుతుంటే అమ్మ ఆపింది. ఏడో నెల పొట్టతో అన్నం గిన్నె గుడ్డలో కట్టి నెత్తిన పెట్టుకుంది. "ఆయన రాడు. మనమే అక్కడికి పోయి తిందాం. లే నాన్నా" అంది. కూతురు గిన్నె మోసుకుని గడప దాటుతుంటే కూర్చుని ఉండలేక తాత కండువా దులుపుకుని లేచాడు.

అక్కడ పందిరి కింద ఆడవాళ్ళు ఆకుని కర్రలకి కడుతున్నారు. మగవాళ్ళు ఆ కర్రల్ని ఒకరి చేతికొకరు అందిస్తూ బ్యారన్లో పై అంచె దాకా చేరుస్తున్నారు. తాత దూరంగా నిలబడ్డాడు కాసేపు. మబ్బు ముదురుతుంటే రైతు చేతులు ఖాళీగా ఉండలేవు. వచ్చి ఆడవాళ్ళ పక్కన చతికిలబడి ఆకు కట్టడం మొదలుపెట్టాడు. అన్నీ తప్పుగా కట్టాడు, నేను విప్పి మళ్ళీ కట్టాను. కానీ ఆయన చూపు నాన్న మీద ఉంది. నాన్న అక్కడ నేనెప్పుడూ చూడనట్టు కనిపించాడు. గుమ్మంలో నిలబడి తలెత్తి, "ఆ మూల ఒత్తుగా పెట్టబాకండి, గాలాడదు. కింద అంచె పలచగా వెయ్యండి" అంటున్నాడు. వయసులో పెద్దవాళ్ళు కూడా మారుమాట లేకుండా చెప్పినట్టు చేస్తున్నారు. సుబ్బారావు గారు కూడా "ఇంకెన్ని పడతాయిరా?" అని ఆయన్నే అడుగుతున్నాడు. మధ్యమధ్యలో నాన్న పొయ్యి దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెయ్యి లోపల పెట్టేవాడు. పెదాలు కదులుతుండేవి. నేనూ ఆయనతోపాటు లెక్కపెట్టేదాన్ని. పది దాకా వచ్చేది. రెండు గంటల టైము తగ్గింది కాబట్టి, బూడిద కింద నుంచి నిప్పులు కాస్త చట్టి దగ్గరికి లాగాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఎనిమిది. ఆగాడు. ఇంకొంచెం లాగుదామా అని ఇనపకడ్డీ పట్టుకున్నాడు. పట్టుకుని అట్టాగే నిలబడి, చివరికి కడ్డీ పక్కన పెట్టేశాడు. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. ఉడకకపోతే ఎట్టా నాన్నా అన్నాను. "తొందరపడితే అసలుకే పోద్దమ్మా. రావాల్సిందైతే వస్తది" అన్నాడు.

మూడింటికి చివరి కర్ర లోపలికి వెళ్ళింది. నాన్న చట్టిని బయటికి లాగి మన్ను పగలగొట్టాడు. మూకుడు తీయగానే ఆవిరి లేచింది. ఆకు కట్టడం ముగించిన ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. నాన్న ఎవరి వైపూ చూడకుండా అరిటాకు విప్పి, మిగిలిన ముద్ద పైన పూసి, పక్కల్ని పొయ్యి నోటి దగ్గర కాలుతున్న పెంకు మీద పరిచాడు. చిటపటమంటూ బెల్లం కరిగి ముదురు ఎరుపుకి తిరిగింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను, ఆ వాసనలో కొంచెమన్నా నాలోనే ఉండిపోతుందేమోనని.

అమ్మ విస్తళ్ళు వేసింది. మొదటి ముక్క నాన్న అరిటాకు మీద పెట్టి నా చేతికిచ్చి తాత వైపు సైగ చేశాడు. తాత దాన్ని విస్తట్లో పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి చూశాడు. పెళ్ళిలో నవ్వినవాళ్ళు గుర్తొచ్చారేమో. తరువాత ఎముక చివర పట్టుకుని ఎత్తాడు. ఎముక ఒక్కటే పైకి లేచింది. మాంసం విస్తట్లోనే ఉంది. ఆయన చేతిలోని ఒట్టి ఎముకను అటూ ఇటూ తిప్పి చూసి, మాంసాన్ని అన్నంలా వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. దవడ రెండుసార్లు కదిలింది. మింగాడు. రెండోది తీసుకున్నాడు. మూడోది తీసుకున్నాడు. నాలుగో ఎముక కూడా విస్తరి అంచున తెల్లగా పడుకోబెట్టాక తల ఎత్తాడు.

"ఏం అల్లుడూ, ఎంతసేపు పెట్టావు లోపల?"

అలవాటు కొద్దీ నేను నాన్న వైపు తిరిగాను. "నాన్నా, తాత ఎంతసేపు పెట్టావని..."

"విన్నాలే అమ్మా" అన్నాడు నాన్న. "ఆరు గంటలు మామా. ఇంకో రెండు ఉండాల్సింది."

"ఏం అక్కర్లా" అన్నాడు తాత. "ఇంకోటి వెయ్యి."

అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. నాన్న లేచి బ్యారన్ తలుపు బిగించి పొయ్యిలో మంట వేశాడు. మిగిలిన మాంసం అందరికీ వేలెడంత వేలెడంత వచ్చింది. పాలెం వాళ్ళు ఆ తరువాత చాలాకాలం ఆ వేలెడు ముక్క గురించే చెప్పుకున్నారు. సుబ్బారావు గారు దూరం నుంచే గాలి పీల్చి, "నా ఆకుకి అంటలేదుగా?" అని మాత్రం అడిగి నవ్వుతూ సైకిలెక్కాడు. వాన పెద్దదయ్యాక అమ్మా నేనూ ఇంటికి పరిగెత్తాం. తాత రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే పొయ్యి చూరు కింద గోనెపట్టా మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. తాత గోడ మీద అరచెయ్యి ఆనించి ఏదో అడుగుతున్నాడు.

మరునాడు నాన్న నన్ను పిలిచి చెప్పాడు. "తాత పళ్ళ సంగతి నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలియగూడదు. పుట్టబోయే పిల్లకి కూడా. పండక్కి సరదాగా చేశానంతే." నేను తలూపాను. మరుసటి ఏడు సుబ్బారావు గారు కట్టెలు మానేసి బొగ్గుకి మారాడు. బొగ్గు పొగలో వండింది నోట్లో పెట్టలేం. అందుకని ఆ వంట ఆ ఒక్కసారితోనే అయిపోయింది. సువార్తకి ఊహ తెలిసేసరికి దాని ఊసు కూడా లేదు.

ఇంతవరకూ చెప్పేసరికి ఓవెన్ గంట మోగింది. ఇద్దరం ఒకేసారి లేచాం. రేకు విప్పి, చింతపండూ బెల్లం పండుమిరపకాయల పచ్చడీ కలిపిన పులుసు పైన పూసి, మీట పై అంకెకి తిప్పి మళ్ళీ పావుగంట పెట్టాం. ఎంత తేలిక. మీట తిప్పితే వేడి పెరిగింది, తిప్పితే తగ్గింది. ఎంత వేడి అనుకుంటే అంతే, మూడు గంటలూ కదలకుండా నిలబడింది. నేను దాన్ని తక్కువ చెయ్యను. మోకాళ్ళ నొప్పులతో ఇద్దరం ముసలివాళ్ళం కుర్చీల్లో కూర్చుని ఇంత పని చేయించుకున్నాం. ఆ రోజుల్లో ఇలాంటిదొకటి ఉంటే నాన్న చేతుల మీద అన్ని కాలిన మచ్చలు ఉండేవి కావు. మా ఊళ్ళో ఇప్పుడు బ్యారన్లు చాలావరకు పైకప్పులు ఊడి నిలబడి ఉన్నాయట. వాటిని తలుచుకుని నాకు దిగులేమీ లేదు. కానీ పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి లెక్కపెడుతూ, తొమ్మిది వస్తుందా పది వస్తుందా అని గుండె కొట్టుకోవడం ఉందే, అది ఈ మీటలో లేదు. అద్దం ముందు కూర్చుని మేం పడిన ఆత్రం దానికి కాస్త దగ్గరగా వచ్చింది, అంతే.

పళ్ళెం బయటికి తీశాం. సువార్త మొదటి ఎముక పట్టుకుని లాగింది. ఒట్టి ఎముక వచ్చింది. వంటింట్లో నిలబడే, వేళ్ళు కాలుతుండగానే, ఇద్దరం తిన్నాం. చాలా బాగుంది. నిజం చెప్పాలంటే, నాన్న చేసినదానికంటే మెత్తగా ఉంది. నాన్నకి దొరకని తీరిక దీనికి దొరికింది మరి.

మూడు ఎముకలయ్యాక సువార్త చెయ్యి ఆపింది. "తాత నాన్నతో మాట్లాడని రోజులున్నాయంటే నేను నమ్మలేకపోతున్నా" అంది. "నువ్వు గుంటూరు హాస్టల్లో ట్రైనింగులో ఉన్నప్పుడు ఆయన మంచాన పడ్డాడుగా. నువ్వు భూస్థాపనకే వచ్చావు. ఆ నెల్లాళ్ళూ మన ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ అన్నం పెట్టబోతే వద్దనేవాడు. 'నువ్వు గబగబా పెట్టేస్తావు, అల్లుడ్ని రమ్మను' అనేవాడు. నాన్న బ్యారన్ నుంచి వచ్చి, అన్నం మెత్తగా పిసికి, ఒక్కో ముద్దా పెట్టి, మింగేదాకా ఆగి, మళ్ళీ ఇంకోటి. గంట పట్టేది. నాకు పదేళ్ళు. అల్లుడికి సేవ చెప్పడమేంటని చుట్టాలు అనుకుంటుంటే విన్నా. ఒకాయన తాతనే అడిగేశాడు కూడా."

"ఏమన్నాడు?"

"'తొందరపడకుండా ఉండటం వాడికి వచ్చిన పని. మనకెవ్వరికీ రాదు' అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ముసలితనంలో ఏదో అంటున్నాడనుకున్నా."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆ నెల్లాళ్ళు నేను ఇంట్లో లేను. దానికి తెలియని సగం నా దగ్గర, నాకు తెలియని సగం దాని దగ్గర, ఇన్నేళ్ళూ ఉండిపోయాయి. వేళ్ళకి పులుసు అంటుకుని ఉండగానే దాని భుజం మీద చెయ్యి వేశాను. చీర మరక పడుతుందని కూడా అది అనలేదు.

"మళ్ళీ చెప్పు" అన్నాను. "మొదటి నుంచి. నాన్న ఎటు పక్కన కూర్చునేవాడు?"

సువార్త స్టూలు లాక్కుని కూర్చుంది. "తల వైపు" అంది. "కిటికీ దగ్గర."